అందరికీ ఒకే ప్రింటరు

ఏలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. అక్కడి పొదుపు సంఘాల ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. ప్రింటరు ఒక్కటే. దాని వైరు మొదటి కంప్యూటరుకు తగిలించారు. మూడు కంప్యూటర్లనూ నెట్‌వర్కుతో కలిపారు. మొదటి దానిలో ప్రింటరును 'షేరు' చేశారు. అందుకే మిగతా రెండింటి నుంచీ ప్రింటు తీయవచ్చు.

ఒకరోజు ఒక అక్క అప్పు కాగితం కోసం వచ్చింది.

"ప్రింటరు పాడైందమ్మా. ఏలూరు వెళ్లి తీయించుకోండి" అన్నాడు ఆఫీసు అబ్బాయి.

ఏలూరు వెళితే ఆ రోజు కూలి పోతుంది. అక్క ప్రింటరు వైరు ఎటు పోయిందో చూసింది. మొదటి కంప్యూటరు కట్టేసి ఉంది.

"బాబూ, అది వేసి చూడు" అంది.

వేశాడు. కాగితం వచ్చింది!

మోటారు ఆగితే కొళాయికి నీళ్లు రావు. ఇదీ అంతే. నెట్‌వర్కుకే నేరుగా తగిలించే ప్రింటర్లూ ఉన్నాయి. వాటికి ఈ చిక్కు లేదు.

'పాడైంది' అంటే వెనక్కి వెళ్లకండి. ఎందుకని అడగండి.

జవాబు చెప్పండి:
1. ప్రింటరు వైరు దేనికి తగిలించారు?
2. కాగితం ముందు ఎందుకు రాలేదు?