ఆంప్ బ్రిడ్జ్ చేస్తున్నారా? ముందు ఈ ఓమ్స్ లెక్క చూడండి

నా కార్ ఆంప్లిఫయర్ మాన్యువల్‌లో "స్టీరియోలో కనీసం 2 ఓమ్స్" అని ఉంది. నా సబ్‌వూఫర్‌లో రెండు 4 ఓమ్స్ కాయిల్స్ ఉన్నాయి. వాటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్స్. సరిపోయిందిలే అనుకుని ఆంప్‌ని బ్రిడ్జ్ చేసి తగిలించాను. వాల్యూమ్ పెంచిన కాసేపటికే ప్రొటెక్ట్ లైట్ వెలిగి సౌండ్ ఆగిపోయింది. వైరింగ్ కరెక్టే, తప్పు నా లెక్కలో ఉంది.

బ్రిడ్జింగ్‌లో ఏం జరుగుతుంది?

మామూలుగా ఒక ఛానెల్ స్పీకర్‌ని ఒక వైపు నుంచే నడుపుతుంది, రెండో వైర్ గ్రౌండ్‌కి వెళ్తుంది. బ్రిడ్జ్ చేస్తే స్పీకర్ రెండు ఛానెళ్ల మధ్య ఉంటుంది. ఒకటి ప్లస్ వైపు వెళ్లినప్పుడు రెండోది మైనస్ వైపు వెళ్తుంది. అంటే స్పీకర్ మీద వోల్టేజ్ డబుల్.

ఒక్కో ఛానెల్ 10 వోల్టులు ఇస్తుందనుకోండి. స్పీకర్ 4 ఓమ్స్.

మామూలుగా: 10 ÷ 4 = 2.5 ఆంపియర్లు, 25 వాట్స్.
బ్రిడ్జ్‌లో: 20 ÷ 4 = 5 ఆంపియర్లు, 100 వాట్స్.

ఇప్పుడు ఒక్క ఛానెల్ వైపు నుంచి చూడండి. అది ఇచ్చేది 10 వోల్టులే, కానీ దాని గుండా 5 ఆంపియర్లు పోతున్నాయి. 10 ÷ 5 = 2. స్పీకర్ మారలేదు, కానీ ఆ ఛానెల్‌కి అది 2 ఓమ్స్‌లా కనిపిస్తోంది. బ్రిడ్జ్ చేస్తే ఒక్కో ఛానెల్‌కి కనిపించే లోడ్ సగమే అవుతుంది. నా 2 ఓమ్స్ సబ్ వల్ల ఒక్కో ఛానెల్ మీద పడింది 1 ఓమ్ లోడ్!

100 వాట్స్ కూడా కాగితం మీద లెక్కే. అంత కరెంట్‌ని పవర్ సప్లై, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఇవ్వలేకపోతే ఆంప్ వేడెక్కుతుంది, క్లిప్ అవుతుంది, లేదా ఆగిపోతుంది.

మరి ఏం చేయాలి?

స్టీరియో కనీస ఓమ్స్‌ని రెట్టింపు చేయండి. మాన్యువల్‌లో బ్రిడ్జ్‌కి వేరే నంబర్ ఇస్తే అదే ఫైనల్. నేను కాయిల్స్‌ని సిరీస్‌లోకి మార్చాను, 8 ఓమ్స్ అయింది. ఒక్కో ఛానెల్‌కి 4 ఓమ్స్. రూపాయి ఖర్చు లేదు, ఆంప్ మళ్లీ ఆగలేదు.

ఇంకో జాగ్రత్త: టీపీఏ3116 లాంటి చిన్న క్లాస్-డి బోర్డుల్లో ప్రతి ఛానెల్ లోపలే బ్రిడ్జ్ అయి ఉంటుంది. అక్కడ స్పీకర్ మైనస్‌ని గ్రౌండ్‌కి అస్సలు కలపకండి, రెండు ఛానెళ్లని మళ్లీ బ్రిడ్జ్ చేయకండి.

వాట్స్ చూసి మురిసిపోయే ముందు, ఓమ్స్ లెక్కేసుకోండి.