తల్లికి పనిచేసిన మందు కొడుక్కి పనిచేయలేదేం?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ముమ్మిడివరం. నాకు యాభై ఆరేళ్లు. ఏడాదిగా పరగడుపున నొప్పి, కడుపులో మంట. అమలాపురంలో ఎండోస్కోపీ చేసి, పుండు ఉంది, హెచ్. పైలోరీ అనే పురుగు కూడా ఉందని పద్నాలుగు రోజులకు మందులు రాశారు. వాడాక నిమ్మళించింది. మా పెద్దబ్బాయి కువైట్‌లో డ్రైవరు. వాడికీ ఇదే బాధ. అక్కడ పరీక్షలో ఇదే పురుగన్నారట. నా మందుల చీటీ ఫోటో వాట్సాప్‌లో పెట్టి, ఊళ్లోంచి వెళ్తున్న వాళ్ల చేత అవే మందులు పంపించాను. కోర్సంతా వాడాడు. మళ్లీ పరీక్ష చేస్తే ఉందనే వచ్చింది. పురుగు ఒకటే, మందులూ ఒకటే. నాకు తగ్గి వాడికి తగ్గకపోవడం ఏంటండీ?

జవాబు: ‘పురుగు ఒకటే’ అన్నచోటే చిక్కుందమ్మా. ఒకటైంది పేరు మాత్రమే.

హెచ్. పైలోరీ, అంటే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ మొదటిసారి ల్యాబులో పెంచగలిగారు. ఆ పనికి 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 1997లో ఒక రోగి కడుపులోంచి తీసిన రకం (స్ట్రెయిన్) జన్యుపటం మొత్తం చదివారు. దాదాపు 16.7 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 1,590 జన్యువులు తేలాయి. రెండేళ్లకు మరో రోగి నుంచి తీసిన దాన్ని కూడా చదివి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో ఉన్న జన్యువుల్లో ఆరేడు శాతం రెండోదానిలో లేనేలేవు. ఉన్న వాటిలోనూ అక్షరాల తేడాలు కొల్లలు. ఈ బ్యాక్టీరియా తన డీఎన్ఏకి నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దుకోవడంలో బాగా వెనకబడింది. పైగా అదే కడుపులో ఇంకో రకం ఉంటే దాని డీఎన్ఏ ముక్కల్ని పట్టుకుని తనలో కలిపేసుకుంటుంది. ఒకే రోగి కడుపులో కాస్త కాస్త తేడాలున్న పురుగులు కలిసి కాపురం చేస్తున్నట్టు కోల్‌కతా శాస్త్రవేత్తలు 2012లో చూపించారు.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి, అందులోనూ తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. కాబట్టి కువైట్ అబ్బాయి కడుపులో ఉన్నది ఒకప్పుడు అమ్మ దగ్గర అందుకున్నదే కావచ్చు. కానీ ఆ తర్వాత అవి రెండు వేర్వేరు కడుపుల్లో, రెండు వేర్వేరు మందుల చరిత్రల మధ్య బతికాయి. విరేచనాలనగానే మెడికల్ షాపులో మెట్రోనిడజోల్, జలుబనగానే అజిత్రోమైసిన్ మింగే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆ మాత్రలు వేసుకున్నది జలుబుకే అయినా, వాటి ప్రభావం కడుపులో ఉన్న ఈ పురుగు మీదా పడుతుంది. చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి.

తట్టుకోవడానికి పెద్ద మార్పేమీ అక్కర్లేదు. ఈ పురుగుకు వాడే, అజిత్రోమైసిన్ కుటుంబానికే చెందిన క్లారిత్రోమైసిన్ అనే మందు బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే చోట అతుక్కుని ఆ పనిని ఆపేస్తుంది. అక్కడి జన్యువులో 2143వ స్థానంలో ‘ఎ’ ఉండాల్సిన చోట ‘జి’ పడితే చాలు, మందుకు పట్టు దొరకదు. మెట్రోనిడజోల్ సంగతి ఇంకా చిత్రం. ఆ మందు దానంతటది విషం కాదు. పురుగులో ఉండే ఆర్‌డీఎక్స్ఏ అనే జన్యువు తయారుచేసే ఎంజైమే దాన్ని విషంగా మారుస్తుంది. ఆ జన్యువు చెడిపోయిన స్ట్రెయిన్ మీద మందు చాలావరకు పనిచేయదు. చెడిపోవడమే లాభమైన సందర్భం ఇది.

హైదరాబాద్, చెన్నై సహా దేశంలోని పలు కేంద్రాల్లో రోగుల నుంచి సేకరించిన స్ట్రెయిన్లపై 2003లో వెలువడిన అధ్యయనంలో 77.9 శాతం మెట్రోనిడజోల్‌కు, 44.7 శాతం క్లారిత్రోమైసిన్‌కు లొంగలేదు. అంటే ఒకరి చీటీ ఇంకొకరికి పనిచేయడం ఒకరకంగా లాటరీయే.

అబ్బాయి విషయంలో ముందు తేల్చాల్సింది, ఆ రెండో పరీక్ష ఏమిటన్నది. రక్తంలో యాంటీబాడీలు చూసిన పరీక్షయితే దానికి విలువ లేదు, ఎందుకంటే పురుగు పోయాక కూడా అవి చాలాకాలం ఉంటాయి. మందులు ఆపిన నాలుగు వారాల తర్వాత, గ్యాస్ మాత్రలు రెండు వారాలు మానేసి, బ్రెత్ టెస్టో మలంలో యాంటిజెన్ పరీక్షో చేస్తేనే లెక్క. అందులోనూ ఉందని వస్తే పాత కోర్సే మళ్లీ వాడటం దండగ. అక్కడి డాక్టరుకు ఏయే మందులు వాడాడో చెప్పి, వాటిని తప్పించి వేరే కోర్సు రాయించుకోవాలి. బిస్మత్‌తో కలిపి నాలుగు మందులిచ్చే పద్ధతిని ఇప్పుడు చాలామంది ఎంచుకుంటున్నారు. డ్యూటీల మధ్య పూటలు తప్పాడేమో కూడా అడగండి.

ఉత్తరంలో మరో సంగతి దాగి ఉంది. మీకు మంట తగ్గిందని రాశారు గానీ పురుగు పోయిందని పరీక్ష చేయించినట్టు రాయలేదు. మంట తగ్గించేది గ్యాస్ మాత్ర. పుండున్నవాళ్లకు ఆ పరీక్ష తప్పనిసరి.

ప్రశ్న: మా నాన్నగారు కడుపు క్యాన్సర్‌తో పోయారు. నాకు హెచ్. పైలోరీ ఉందని తేలింది. ‘క్యాగ్ఏ’ జన్యువున్న రకమైతే క్యాన్సర్ వస్తుందని ఇంటర్నెట్‌లో చదివాను. బయాప్సీ ముక్కను హైదరాబాద్ పంపించి ఆ పరీక్ష చేయించమంటారా? (ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం)

జవాబు: ఆ పరీక్షకు డబ్బు పెట్టక్కర్లేదు. క్యాగ్ఏ చెడ్డదన్న మాట నిజమే. ఆ జన్యువున్న పురుగు కడుపు గోడ కణానికి అతుక్కుని, సూదిమందు ఎక్కించినట్టు ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను లోపలికి దింపుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది ఉన్న రోగుల్ని, లేని రోగుల్ని వేరుచేసి చూస్తే పుండ్లలో, క్యాన్సర్‌లో తేడా కనిపించింది. మన దగ్గర ఆ లెక్క కుదరదు. కోల్‌కతా రోగుల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో పుండున్న వాళ్లలోనూ, లేని వాళ్లలోనూ ఎక్కువమందికి క్యాగ్ఏ ఉంది. అందరికీ ఉన్నది ఎవరినీ వేరుచేయలేదు.

క్యాగ్ఏలో కూడా రకాలున్నాయి. కణంలోని సంకేతాలను తారుమారు చేసే దాని తోక భాగం జపాన్, కొరియాల్లో ఒకలా, ఐరోపాలో మరోలా ఉంటుంది. తూర్పు ఆసియా రకం కణాన్ని ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది, అక్కడ కడుపు క్యాన్సర్ ఎక్కువ కావడానికి అదీ ఒక కారణమంటారు. మరి మనదెలాంటిది? హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో నియాజ్ అహ్మద్ బృందం భారతీయ రోగుల స్ట్రెయిన్లలో ఏడు జన్యువులను చదివి 2007లో చెప్పిందేమిటంటే, అవన్నీ ఐరోపా వంశానికి దగ్గర చుట్టాలు. తూర్పు ఆసియా వంశం వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. వేల ఏళ్ల నాటి మనుషుల వలసలు ఈ పురుగులో నమోదై ఉన్నాయన్నమాట. తమిళులు, తెలుగువాళ్లు తోటల పనులకు వెళ్లి స్థిరపడిన మలేసియాలో 2009లో ఇంకో ముచ్చట తేలింది. అక్కడి మలయ్ జనం కడుపుల్లోని స్ట్రెయిన్లు భారతీయుల నుంచి అంటుకున్నట్టే కనిపించాయి.

వంశం తెలిసింది కదా అని జాతకం చెప్పలేం. కొలంబియాలో సముద్రతీరంలో, కొండల్లో ఉండే రెండు ఊళ్లలో ఈ పురుగు దాదాపు అందరికీ ఉన్నా, క్యాన్సర్ మాత్రం కొండవాళ్లకే ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషి వంశానికీ పురుగు వంశానికీ పొంతన కుదరని చోట హాని పెరుగుతోందని 2014లో అక్కడివాళ్లను పరిశీలించిన పరిశోధకులు తేల్చారు. మన దేశంలో పురుగు విపరీతం, కడుపు క్యాన్సర్ దానికి తగ్గ స్థాయిలో లేదు. ఇందులో తిండి వాటా ఎంత, స్ట్రెయిన్ వాటా ఎంత అన్న వాదన తెగలేదు.

నాన్నగారికి క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఏ రకమైనా సరే పురుగును తీసేయాల్సిందే. బయాప్సీలో చూడాల్సింది కడుపు పొర పలచబడిందా, పేగు పొరలా మారిందా అన్నది. జన్యు పరీక్షకు పంపాలనే ఉంటే ఏ మందుకు లొంగదో చెప్పే పరీక్షకు పంపండి, అదీ ఒక కోర్సు విఫలమయ్యాక.

ప్రశ్న: మా ఇంట్లో తాగడానికి బావి నీళ్లే. వేసవిలో కాలువ కట్టేస్తే చెరువు నీళ్లు. ఈ పురుగు నీళ్లలోంచి వస్తుందా? పచ్చళ్లు, మిరపకాయలు మానేయాలా?

జవాబు: హైదరాబాద్‌లో డెక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో బావి నీళ్లు తాగేవాళ్లలో 92 శాతం మందికి, కుళాయి నీళ్లు తాగేవాళ్లలో దాదాపు 75 శాతానికి ఈ పురుగు ఉంది. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు, బిందెలో చెయ్యి పెట్టకుండా గరిటెతో తీసుకోవడం, మరుగుదొడ్డి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం. నమిలిన ముద్ద పసిపిల్లల నోట్లో పెట్టడం మానండి.

ఆవకాయ మంట పెంచుతుందేమో గానీ పుండుకు మూలం అది కాదు. దక్షిణాదిలో పుండ్లు ఎక్కువని గమనించి, 1960ల్లో ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు కారణం తిండిలో ఉందేమోనని అన్నం తినేవాళ్లనూ గోధుమ తినేవాళ్లనూ పోల్చి చూశాడు. పురుగు ఊసే తెలియని కాలంలో అది తెలివైన ప్రశ్నే.

ప్రశ్న: మందులు వాడుతూ కల్లు తాగొచ్చా?

జవాబు: కోర్సులో మెట్రోనిడజోల్ ఉంటే తాటికల్లు, కొబ్బరికల్లు, సారా ఏదీ వద్దు. కోర్సయ్యాక మరో మూడు రోజులు కూడా. వాంతులు, గుండెదడ పట్టుకుంటాయి. కోర్సులో టెట్రాసైక్లిన్ ఉంటే దాన్ని పాలతో వేసుకోకూడదు. బిస్మత్ వాడినన్నాళ్లూ నాలుక, మలం నల్లబడతాయి, దానికి కంగారు వద్దు. బిస్మత్, ఐరన్ మాత్రలు ఏవీ వేసుకోనప్పుడు మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంటే మాత్రం లోపల రక్తం కారుతున్నట్టే. అప్పుడు ఈ శీర్షికకు ఉత్తరం రాసి కూర్చోకుండా ఆ పూటే అమలాపురమో కాకినాడో ఆసుపత్రికి బయల్దేరాలి.