ఫ్రాంక్లిన్ దినచర్య

విద్యుత్ పరిశోధకుడిగా ప్రసిద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వృత్తిరీత్యా ముద్రాపకుడు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1728లో భాగస్వామితో కలిసి అచ్చుకూటం స్థాపించాడు. మరుసటి ఏడే 'పెన్సిల్వేనియా గెజెట్' పత్రికను కొన్నాడు. 1732లో పంచాంగ ప్రచురణకూ పూనుకొన్నాడు. పనులు పెరిగాయి, ఘడియలు పెరగలేదు.

ఆయన ఇరవై నాలుగు గంటలకూ ఒక పట్టిక వేసుకొన్నాడు. ఉదయం ఐదింటికి మేల్కొని, ఆనాడు చేయదగిన మేలేమిటని తన్ను తాను ప్రశ్నించుకోవాలి. ఎనిమిది నుండి పన్నెండు వరకు పని. పిదప రెండు గంటలు పఠనం, లెక్కల పరిశీలన, భోజనం. మళ్లీ ఆరింటి దాకా పని. సాయంకాలం వస్తువులను యథాస్థానంలో ఉంచడం, సంగీతం, సంభాషణ, పదింటికి నిద్ర. పనితోపాటు వినోదానికీ చోటు కల్పించడం ఇందులోని విశేషం. నేటి వ్యాపారుల పట్టికలలో ముందుగా కొట్టివేతకు గురయ్యేది అదే!

అయితే ఈ క్రమపాలనే తనను మిక్కిలి బాధించిందని ఆత్మకథలో ఆయన దాచక చెప్పాడు. కూలికి పనిచేసే ముద్రాపకుడికి సాధ్యమైన నియమం యజమానికి సాధ్యం కాదు. పని తెచ్చేవారు తమకు వీలైన వేళకే వస్తారు; వారిని కాదనడం ఎలా?

చివరకు ఆ చిక్కు పనిని మరొకరికి అప్పగించడంతో విడిపోయింది. 1748లో ఫ్రాంక్లిన్ అచ్చుకూటం నిర్వహణను డేవిడ్ హాల్ అనే సమర్థుడికి భాగస్వామ్యంపై ఒప్పగించాడు. పద్దెనిమిదేళ్లు లాభంలో సగమే తీసుకొన్నాడు. మిగిలిన సగం ఆయన తీరికకు చెల్లించిన మూల్యం. అంతకుముందే మొదలైన విద్యుత్ ప్రయోగాలు ఆ తీరికలోనే విస్తరించాయి.