విద్యుత్తు లేని విడిదిలో మంచి కాఫీ

సేవాశిబిరములకు బయలుదేరు విద్యార్థులు పార, పలుగు, దుప్పటి, కంచము అని జాబితా వ్రాసికొని సర్దుకొందురు. కాఫీ సంగతి ఎవరికిని గుర్తుండదు. మొదటి తెల్లవారుజామున మాత్రము అది అందరికిని ఒకేసారి గుర్తుకు వచ్చును. కరెంటు లేని చోట మిక్సీ లేదు, హీటరు లేదు. కాబట్టి మంచి కాఫీయు లేదని సరిపెట్టుకొందురు. ఇది పొరపాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట కడియం ప్రాంతమున ఒక పూలమొక్కల తోట ప్రక్కన మా విద్యార్థులు నలుబదిమంది విడిది చేసిరి. కరెంటు తీగ అంతవరకు రాలేదు. మొదటి ఉదయమున మా వంటబృందము గుండిగలో నీరు పోసి, అందులో కాఫీపొడి గుమ్మరించి, అరగంటసేపు తెర్లగాచినది. వాసన తోటంతయు గుబాళించినది గాని, గ్లాసులోనిది నోట పెట్టుటకు వీలు లేకపోయెను. సగము గులాబీ మొక్కల పాలయినది. తోట చూచుకొను పెద్దాయన మర్యాదకు ఒక గుక్క త్రాగి, “కషాయం బాగానే కాచారండీ మాస్టారూ, జలుబు ఎవరికండీ?” అని అడిగెను. పిల్లలందరు నవ్విరి. పిదప ఆయనయే, “పొడి పడ్డాక దానికి పొయ్యి చూపించకూడదండీ” అనెను. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానము.

కాఫీగింజను వేయించినప్పుడు దానిలో సువాసన నిచ్చు నూనెలు, తీపి, పులుపు, చేదు గల పదార్థములు అనేకము ఏర్పడును. వేడినీరు తగిలిన వెంటనే ముందుగా దిగునవి రుచికరమైనవి. చేదును వగరును ఆలస్యముగా దిగును. పొడిని మరిగించినచో ఆ చేదంతయు దిగుటయే కాక, తేలికయైన సువాసనలు ఆవిరితో లేచిపోవును. గాలిలోనికి పోయిన వాసన గ్లాసులోనికి తిరిగి రాదు గదా. నీటికి సుమారు 90 నుండి 96 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చాలును. కడియం వంటి పల్లపు ప్రాంతమున నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. గిన్నెను దింపి, ఒక నిమిషము ఆగి పోసినచో సరిపోవును. ఉష్ణమాపకముతో పనిలేదు.

కాఫీ మనకు పరదేశపు వస్తువని తలచువారు కలరు. అరబ్బీలో ‘ఖహ్వా’ అను మాట ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు తెలిసినదే. యెమెన్ దేశపు మోఖా రేవు నుండి బాబా బుడన్ అను సూఫీ మహాత్ముడు ఏడు గింజలు తెచ్చి కన్నడదేశపు చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. మన గోదావరి మన్యమునకు అది వచ్చినది ఆంగ్లేయుల కాలమున: 1898లో మారేడుమిల్లి దిక్కున పాములేరు లోయలో నాటిరి. విశాఖ మన్యములోని అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కావున కడియములో కూర్చుండి కాఫీ త్రాగువానికి దాని తోటలు మరీ దూరమైనవి కావు.

ఇక పొడి. పట్టించిన నాటి నుండియే అది వాసన కోల్పోవుచుండును. శిబిరమునకు పోవుటకు ముందురోజు పట్టించి, బిగువైన మూత గల స్టీలు డబ్బాలో పోయవలెను. తడిచెంచా అందులో ముంచరాదు. డెల్టాలోని తేమగాలికి కాగితపు పొట్లము రెండు రోజులు కూడ ఆగదు. చికోరీ యనునది ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి; రంగును చిక్కదనమును ఇచ్చును గాని, దానిలో కెఫీన్ లేదు. కొద్దిగా కలిసినచో దోషము లేదు. ఎక్కువైనచో మనము త్రాగునది కాఫీ కాదు.

నీటి విషయమున అశ్రద్ధ కూడదు. వానకాలమున గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ధవళేశ్వరము నుండి వచ్చు కాలువలన్నియు ఎర్రబారును. అట్టి నీటిని రాత్రియే బిందెలో నిలువచేసి, కొంచెము పటిక త్రిప్పినను, బిందె లోపల చిల్లగింజ అరగదీసినను ఒండ్రు అడుగునకు చేరును. కాని తేరిన నీరు శుద్ధమైన నీరు కాదు. వాంతిభేదులు, కామెర్లు కలిగించు క్రిములు తేటనీటిలో కూడ ఉండును. ఆ నీరు తెర్లుచు కనీసము ఒక నిమిషము మరిగిన తరువాతనే దానిని కాఫీకి వాడవలెను.

వంటచెరకునకు డెల్టాలో లోటు లేదు. ఎండుగడ్డి భగ్గుమని మండి చల్లారును. పొయ్యి రాజవేయుటకే పనికివచ్చును. కొబ్బరిమట్టలు మంటనిచ్చును, పొగయు ఇచ్చును. కొబ్బరిచిప్పలు అన్నిటికంటె మేలు. వాటి నిప్పు నిలకడగా ఉండును. ఊకపొయ్యి దట్టముగా కూరి వెలిగించినచో గంటల తరబడి ఒకే తీరున కాలును. గిన్నె అడుగున ముందే తడిమట్టి పూసినచో మసి తోముటకు సులభము.

ఇక్కడ ఒక హెచ్చరిక. చలికి జడిసి కొందరు కాఫీ కాచిన కుంపటిని గుడారములోనికి తెచ్చి తలుపుగుడ్డ మూసికొందురు. బొగ్గుల నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించినవాడు మేలుకొనక పోవచ్చును. ఎంత చలి యైనను కుంపటి బయటనే ఉండవలెను. ఈ విషయమున ఉపాధ్యాయుడు ఎవరి మాటయు వినరాదు.

నలుగురైదుగురికి ఇత్తడి లేక స్టీలు ఫిల్టరు చాలును. పొడిని గట్టిగా అదమక, నీరు పోసి పదిహేను నిమిషములు దానిని మరచిపోవలెను. నలుబది మందికి ఫిల్టరు లేదు గనుక గుడ్డయే గతి. తలకు 8 గ్రాముల చొప్పున 320 గ్రాముల పొడి, రెండు లీటర్ల నీరు, నాలుగు లీటర్ల పాలు కావలెను. కొత్తగుడ్డకు గంజివాసన ఉండును కాబట్టి ముందురోజే ఉడికించి ఆరవేయవలెను. నీటిని దింపి, నిమిషమాగి, పొడి వేసి ఒక్కసారి కలిపి మూతపెట్టి ఐదు నిమిషములు ఉంచవలెను. తరువాత గుక్కెడు చన్నీళ్లు చిలకరించినచో తేలిన పొడి చాలవరకు దిగును. అప్పుడు వడకట్టవలెను. గుడ్డను పిండరాదు, పిండినచో చేదును మడ్డియు దిగును.

పాలు పొగను త్వరగా పట్టుకొనును గనుక మూతపెట్టి, మంట తగ్గించి కాచవలెను. పంచదారకు బదులు బెల్లము వేయుట కొందరికి ఇష్టము. మరుగుచున్న పాలలో వేసినచో విరుగు భయము కలదు. డికాక్షను కలిపి, దింపిన తరువాత వేయవలెను. ఇన్‌స్టంటు పొడి గూర్చి వ్రాయుటకు ఏమున్నది? అందులో చేయవలసినదే లేదు.

రెండవనాటి ఉదయమున పెద్దాయనకు మొదటి గ్లాసు ఇచ్చితిమి. ఆయన ఏమియు అనలేదు. గ్లాసు మరల చాచెను. వడకట్టిన పిప్పిని పారవేయనీయక, పెంటకుప్పలో కలుపుటకు తట్టలో పట్టుకొని పోయెను.