ఓడ పటం

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి మొదట స్ఫురించేది పలక. నేలలోని నల్లరాతిని పొరలుగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రం బిగించిన ఆ పలకల మీదనే ఎన్నో తరాల బాలబాలికలు ఓనమాలు దిద్దారు. సముద్రానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నల్లమల చెంతనున్న ఈ పట్టణానికీ ఓడల నిర్మాణానికీ పొంతన ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. ఆ పొంతన పలకలోనే ఉంది. ఇంగ్లండు, స్కాట్లండులలోని ఓడల కర్మాగారాలలో పూర్వం నల్లరంగు పూసిన విశాలమైన చెక్కనేల ఉండేది. కాగితం మీది చిన్న పటంలోని అడ్డకోతలను ఆ నల్లని నేలపై ఓడ అసలు పరిమాణంలో గీసి, ఆ గీతలకు సరిపోయేటట్లు ఇనుప పక్కటెముకలను వంచేవారు. అనేక మహానౌకలు మొదట ఇటువంటి పెద్ద పలకపైననే రూపు దిద్దుకొన్నాయి.

ఓడ మునిగిపోయినా, తుక్కు కింద అమ్ముడైనా దాని గీతలు మిగిలి ఉంటే తిరిగి నిర్మించవచ్చు. ఈ పనినే వినోదంగా చేపట్టినవారు ఉన్నారు. 1970ల చివర అమెరికాలో మొదలైన ఒక క్రీడలో, ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగానికి చెందిన యుద్ధనౌకలను అసలులో 144వ వంతు పొడవుతో నిర్మిస్తారు. ఒడ్డున నిలిచి రేడియో తరంగాలతో వాటిని నడుపుతారు. ఫిరంగుల నుండి వాయుపీడనంతో చిన్న ఉక్కుగుండ్లు వెలువడతాయి. పలుచని బాల్సా కలపతో చేసిన ప్రక్కలకు రంధ్రాలు పడి, నీరు చేరి, ఓడ నిజంగానే మునుగుతుంది. దానిని పైకి తీసి, రంధ్రాలు పూడ్చి, మళ్ళీ పోరుకు దింపుతారు. ఇంత చేసినా ఊహాకల్పితమైన ఓడకు అక్కడ ప్రవేశం లేదు. చరిత్రలో ఉన్న నౌకనే, దాని ఆకారంలోనే నిర్మించాలి. కనుక నిర్మాత చేతికి రంపం కంటె ముందు రావలసినది పటం.

ఓడ పటమంటే ఒక బొమ్మ కాదు. అందులో ముఖ్యంగా మూడు చిత్రాలు ఉంటాయి. ప్రక్కనుండి చూచినట్లు గీసినది పార్శ్వచిత్రం. పైనుండి చూచినట్లు గీసినది ఉపరితలచిత్రం. ఓడ కుడి ఎడమలు సమానం కాబట్టి ఇందులో సగమే గీస్తారు. మూడవది అడ్డకోతల చిత్రం. దోసకాయను అడ్డంగా చక్రాలుగా తరిగి, ఆ చక్రాల అంచులను ఒకదానిపై ఒకటి పేర్చి గీస్తే ఎట్లా ఉంటుందో ఇది అట్లా ఉంటుంది. కుడివైపున ఓడ ముందుభాగపు కోతలు, ఎడమవైపున వెనుకభాగపు కోతలు కనిపిస్తాయి. మొదటి రెండు చిత్రాలు ఎంత అందంగా ఉన్నా మూడవది లేనిదే నీటి అడుగునున్న ఆకారం తెలియదు. అంగడిలో దొరికే పటాలలో చాలావాటికి లోపించేది ఇదే.

నమ్మదగిన పటాలు దేశాల భాండాగారాలలో లభిస్తాయి. బ్రిటిష్ నౌకాదళపు ఓడల పటాలు లండన్‌లోని గ్రీనిచ్ జాతీయ నౌకా ప్రదర్శనశాల అధీనంలో విస్తారంగా ఉన్నాయి. అమెరికా నౌకలవి ఆ దేశపు జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. జపాను విషయం వేరు. 1945 ఆగస్టులో ఓటమి తప్పదని తేలినప్పుడు ఆ దేశ నౌకాదళం తన పత్రాలను పెద్ద ఎత్తున తగులబెట్టింది. అందువల్ల యమాటో వంటి మహానౌక రూపాన్ని మిగిలిన చిత్తుల నుండి, ఛాయాచిత్రాల నుండి కూడదీసుకోవలసి వచ్చింది.

పటం దొరికిన తరువాత కొలత చూడాలి. బ్రిటిష్ పటాలలో అడుగుకు అంగుళంలో ఎనిమిదవ వంతు చొప్పున గీసినవి అనేకం. అంటే అది 96వ వంతు. దానిని 144వ వంతుకు తేవాలంటే మూడింట రెండువంతులకు కుదించాలి. నకలు తీసేటప్పుడు కాగితం సాగవచ్చు. కాబట్టి పటం అంచున ముద్రించిన కొలబద్దను స్కేలుతో సరిచూచుకోక తప్పదు. ఓడను తలపెట్టినప్పటి పటం ఒకటి, కట్టిన తరువాతి పటం మరొకటి ఉంటాయి. నిర్మాతకు కావలసినది రెండవది.

ఈ క్రీడకు తగిన ఓడలలో తెలుగునేల నదుల పేర్లు కూడా ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆనాటి భారత నౌకాదళం కోసం 1943లో ‘గోదావరి’ని సౌతాంప్టన్‌లోని థార్నిక్రాఫ్ట్ సంస్థ, ‘కిస్ట్నా’ను గ్లాస్గోలోని యారో సంస్థ నిర్మించాయి. కృష్ణానదికి ఆంగ్లేయులు పెట్టుకొన్న వ్రాతే కిస్ట్నా. దేశవిభజన తరువాత గోదావరి పాకిస్తానుకు వెళ్ళి ‘సింధ్’ అయింది. కిస్ట్నా భారతదేశానికి దక్కింది. వీటి పొడవు సుమారు 91 మీటర్లు. అంత పొడవు ఎంతో కళ్ళారా చూడదలచినవారు విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి ప్రక్కన నిలబడవచ్చు. దాని పొడవూ దాదాపు అంతే.

144వ వంతున గోదావరి 63 సెంటీమీటర్లకు వస్తుంది. చిక్కు బరువులో ఉంది. పొడవు 144 రెట్లు తగ్గితే బరువు 144ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే దాదాపు 30 లక్షల రెట్లు తగ్గాలి. ఆ లెక్కన 1,250 టన్నుల ఓడకు నమూనా బరువు సుమారు 425 గ్రాములే. మోటారు, బ్యాటరీ, ఫిరంగి, నీరు తోడే పంపు అన్నీ అందులోనే ఇమడాలి. జర్మనీవారి బిస్మార్క్ నిండుభారంతో 50 వేల టన్నులు. దాని నమూనాకు 17 కిలోల వరకు వెసులుబాటు ఉంటుంది. క్రీడాకారులు పెద్ద నౌకలకై వెదకడానికి ఇది ఒక కారణం.

తెలుగుతీరంలోనే పుట్టిన ఓడల సంగతి వీటికంటె క్లిష్టమైనది. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. దాని అడ్డకోత ఎవరికీ తెలియదు. భోజుని పేరనున్న ‘యుక్తికల్పతరువు’ ఓడల జాతులకు పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పింది, కాని వంపులను చెప్పలేదు. 1839 నాటి తుఫానులో దెబ్బతిన్న కోరంగి రేవు అంతకు పూర్వం ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందినది. సంప్రదాయ నిర్మాణంలో కొలతలు మేస్త్రీ చేతిలోను, కంటిలోను ఉండేవి. మేస్త్రీతోబాటే అవీ పోయాయి.

ఫ్రెంచి నౌకాదళాధికారి ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారీ మాత్రం తాను తిరిగిన తీరాలలోని దేశీయ పడవలను కొలిచి పటాలు గీశాడు. 1840లలో వెలువడిన ఆయన గ్రంథంలో కోరమండల్ తీరపు మసూలా పడవలు కూడా ఉన్నాయి. 1871లో పారిస్ నౌకా ప్రదర్శనశాల బాధ్యత స్వీకరించిన తరువాత ఆయన ఆ పటాలను బట్టి నమూనాలు చేయించాడు. కొలవడానికి ఆయన వాడినది పడవ ప్రక్కన నిలబడే ఓపిక, కొలతాడు, కాగితం. నేడు కృష్ణానదిపై తిరిగే పుట్టికైతే అంత శ్రమ కూడా లేదు. అది గుండ్రనిది కనుక మూడు చిత్రాలు అక్కరలేదు. నడిమధ్యన ఒక కోత, అంచున ఒక వ్యాసం చాలు. ఆ రెండూ ఒక మార్కాపురం పలకలో పడతాయి.