జీతం కోట్లలో, మిగిలేది ఎంత?
(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఏడాదికి 2,20,000 డాలర్ల జీతం. మన లెక్కలో కోటీ తొంభై లక్షలు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఏమీ మిగలట్లేదు నాన్నా" అంటాడు. కోడలు ఉద్యోగం చేయడం లేదు. మనవడికి మూడేళ్లు. ఇంత జీతంతో ఇల్లు కొనుక్కోలేకపోవడం ఏమిటి? దుబారా చేస్తున్నాడా, మా దగ్గర దాస్తున్నాడా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: రెండూ కాకపోవచ్చు. ముందు ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడటం మానేయండి. మీ అబ్బాయి సంపాదించేది డాలర్లలోనే, అద్దె కట్టేదీ డాలర్లలోనే.

కేంద్ర ఆదాయపు పన్ను, కాలిఫోర్నియా రాష్ట్ర పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్నీ కలిపి ఆ జీతంలో 50 వేల డాలర్లకు పైనే పోతాయి. పదవీ విరమణ ఖాతా 401(కె)లో 2024 నాటి పూర్తి పరిమితి మేరకు దాచుకుంటే ఏడాదికి మరో 23,000 పక్కకు వెళ్తాయి. ఆరోగ్య బీమా కూడా పోగా, నెలకు చేతికొచ్చేది పన్నెండు వేలకు కాస్త లోపు. అక్కడ రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటుకు 3,500 నుంచి 4,000 దాకా అద్దె. పిల్లవాణ్ని ప్రీస్కూల్లో వేస్తే దాదాపు 2,000. కార్లు, వాటి బీమా, కిరాణా, కరెంటు, ఫోన్లకు ఇంకో మూడు వేలు. ఏ నెలకానెల మూడు వేలు మిగిలితే, ఆ కుటుంబం జాగ్రత్తగానే ఉన్నట్టు.

ఇక ఇల్లు. సన్నీవేల్ ఉన్న శాన్ హోసే ప్రాంతంలో ఇళ్ల మధ్యస్థ ధర 2024లో 20 లక్షల డాలర్లకు చేరింది. ఐదోవంతు ముందు కట్టాలంటే 4 లక్షలు కావాలి. నెలకు మూడు వేల చొప్పున కూడబెడితే పదకొండేళ్లు పడుతుంది. మిగిలిన 16 లక్షలకు ఆరున్నర శాతం వడ్డీతో ముప్ఫై ఏళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదా పదివేల పైమాటే. ఆస్తి పన్ను నెలకు మరో రెండు వేలు. అంటే ఒక్క ఇంటికే జీతమంతా సరిపోతుంది.

ఆ ఆస్తి పన్నులో ఒక అన్యాయం కూడా ఉంది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం ఆస్తి పన్నును కొన్నప్పటి ధర మీద వేస్తారు. ఆ విలువను ఏడాదికి 2 శాతానికి మించి పెంచరు. 1980ల్లో కొన్న పక్కింటాయన కట్టే పన్నుకు మీ అబ్బాయి ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది. ఆఫీసులు పెరిగినంతగా ఇళ్లు కట్టనివ్వని ఊళ్లవి. ముందు వచ్చినవాళ్లకు ఆస్తి దక్కింది, తరువాత వచ్చినవాళ్లకు జీతం మాత్రమే దక్కింది. అక్కడి పరిస్థితి ప్రభుత్వానికీ తెలుసు. 2018లో అమెరికా గృహనిర్మాణ శాఖ దగ్గర్లోని శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ మటేయో, మరీన్ కౌంటీల్లో నలుగురున్న కుటుంబానికి 1,17,400 డాలర్ల ఆదాయాన్ని "తక్కువ ఆదాయం" హద్దుగా పెట్టింది.

ఇంకొకటి మీ అబ్బాయి ఫోన్లో చెప్పకపోవచ్చు. అతను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటే, ఉద్యోగం పోయిన తరువాత ఆ దేశంలో ఉండటానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులే. శాశ్వత నివాసానికి ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్లకు ఆ వరుస ఏళ్ల తరబడి సాగుతోంది. రేపటి గురించి భరోసా లేని ఇంట్లో ఎంత జీతమొచ్చినా నిబ్బరం రాదు. నా దృష్టిలో ఆ "మిగలట్లేదు" అన్న మాటలో సగం ఈ భయమే.

అయితే 401(కె)లో పడుతున్నది అతని సొమ్మే. అది కూడా పొదుపే కదా! ఈసారి "ఎంత మిగిలింది?" అని అడక్కండి. "ఉద్యోగం పోతే ఎన్ని నెలలు గడుస్తుంది?" అని అడగండి. ఆరు నెలలకు సరిపడా ఉందంటే దిగులు పడకండి.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పన్నులు పోను నెలకు 3 లక్షలు వస్తాయి. నార్సింగిలో ఫ్లాట్ కొన్నాం. 1.2 కోట్ల లోను. నెలాఖరుకు వెతుక్కోవాల్సి వస్తోంది. మా నాన్న బడిపంతులుగా నలభై వేలతో హాయిగా బతికారు. మా లోపమేమిటి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారికి తాతగారు కట్టిన ఇల్లు ఉండి ఉంటుంది, నెలవారీ వాయిదా ఉండి ఉండదు. ఆ తేడా నలభై వేలకూ 3 లక్షలకూ ఉన్న తేడాలో పెద్ద భాగాన్నే మింగేస్తుంది. 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు మీ వాయిదా నెలకు 1,04,000 అవుతుంది. మొత్తం కట్టేది రెండున్నర కోట్లు. మీ నార్సింగి పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠ ధర 100 కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల ఇల్లు కొన్న ప్రతివాళ్లూ ఆ నేల ధరను జీతంలోంచి మోస్తున్నారు. దాన్ని మీ లోపంగా చూసుకోకండి. వచ్చే బోనస్‌లోంచి ఏటా ఒక్క వాయిదా అదనంగా కట్టండి. లోను దాదాపు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. ఈలోగా కారు మార్చకండి.

ప్రశ్న: కాలిఫోర్నియా వదిలి డల్లాస్ వెళ్దామనుకుంటున్నాం. మంచిదేనా?
- ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇళ్లు చాలా చవక. కానీ ఆస్తి పన్ను ఇంటి విలువలో 2 శాతం దరిదాపుల్లో ఉంటుంది, పైగా ఇంటి విలువతోపాటు పెరుగుతూ పోతుంది. జీతం తగ్గిస్తారేమో ముందు అడగండి. హెచ్-1బిలో ఉంటే, పనిచేసే ఊరు అలా మారినప్పుడు కంపెనీ సవరించిన దరఖాస్తు పెట్టాలి. గ్రీన్‌కార్డు తొలి దశను మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-140 ఆమోదమై ఉంటే వరుసలో మీ పాత తేదీ సాధారణంగా నిలుస్తుంది. లాయరుతో మాట్లాడాకే అపార్ట్‌మెంటు ఖాళీ చేస్తున్నట్టు నోటీసివ్వండి.