ప్రయాణం మొదట్లోనే అడిగే రెండు మాటలు: బిర్, తఖ్వా



తీర్థయాత్రకి బయలుదేరేటప్పుడు దేవుణ్ణి ఏం అడుగుతాం? క్షేమంగా వెళ్లి రావాలి, ఇంట్లో అందరూ బాగుండాలి. సహజమే. హజ్‌కి వెళ్లే ముస్లింలు చదివే ప్రయాణ దుఆలో, అంటే ప్రార్థనలో, ఇవి కూడా ఉన్నాయి. కానీ వాటికంటే ముందు ఇంకోటి ఉంది. ఈ రోజు పాఠం దాని గురించే.

ముందుగా ఆర్డర్ గమనించండి

ఈ దుఆ హజ్‌కి మాత్రమే కాదు, ఏ ప్రయాణానికైనా చదువుతారు. ప్రవక్త ముహమ్మద్ ఒంటె ఎక్కాక ఇలా ప్రార్థించేవారని ఇబ్న్ ఉమర్ చెప్పినట్టు సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. మొదట దైవస్తుతి. తర్వాత, ఈ ప్రయాణంలో మాకు బిర్, తఖ్వా, నీకు నచ్చే పనులు కావాలన్న కోరిక. ప్రయాణం సులువు కావాలని, ఇంటివాళ్లని కాపాడాలని అడగడం ఆ తర్వాతే.

అంటే 'నన్ను బాగా చూసుకో' అనేకంటే ముందు 'నన్ను మంచిగా ఉంచు' అని అడుగుతున్నారు. మనం పూజకి ముందు చెప్పుకునే సంకల్పం లాంటిదే అనుకోండి.

బిర్ అంటే ఏంటి?

తెలుగులో పుణ్యం, మంచితనం అనొచ్చు. ఖురాన్ 2వ అధ్యాయం 177వ వాక్యం దీన్ని విడమరిచి చెబుతుంది. ముఖం తూర్పుకో పడమరకో తిప్పితే అది బిర్ అయిపోదు. విశ్వాసం ఉండాలి, నమాజు, జకాత్ ఉండాలి. తనకి ఇష్టమైన డబ్బుని బంధువులకి, అనాథలకి, పేదలకి, దారిలో ఉన్న ప్రయాణికుడికి ఇవ్వాలి. మాట నిలబెట్టుకోవాలి, కష్టంలో ఓర్పు ఉండాలి. స్వీకరించబడిన హజ్‌ని 'హజ్ మబ్రూర్' అంటారు. ఆ మాట పుట్టింది కూడా ఈ బిర్ నుంచే.

తఖ్వా అంటే దేవుడు చూస్తున్నాడన్న ఎరుకతో తప్పుకి దూరంగా ఉండడం. యెమెన్ నుంచి కొందరు దేవుడి మీద భారం వేశామంటూ తిండి తెచ్చుకోకుండా హజ్‌కి వచ్చి, మక్కాలో అడుక్కునేవారట. దారిబత్తెం తెచ్చుకోండి, అన్నిటికంటే మంచి బత్తెం తఖ్వా అని చెప్పే వాక్యం ఆ సందర్భంలోనే వచ్చిందని బుఖారీలో ఉంది. భక్తి పేరుతో పక్కవాడికి భారం కాకూడదన్నమాట.

అసలు కష్టమైన భాగం

ఇవే రెండు మాటలు 5వ అధ్యాయం 2వ వాక్యంలో మళ్లీ వస్తాయి. అక్కడి సందర్భం కూడా యాత్రే. 628లో ముహమ్మద్, ఆయన అనుచరులు ఉమ్రా కోసం వస్తుంటే హుదైబియా దగ్గర ఆపేశారు, ఆ ఏడాది మక్కాలోకి రానివ్వలేదు. ఎంత కోపం వస్తుంది చెప్పండి! కానీ ఆ వాక్యం ఏం చెబుతుందంటే, మిమ్మల్ని మసీదుకి రానివ్వలేదన్న ద్వేషంతో హద్దు దాటకండి. బిర్‌లో, తఖ్వాలో ఒకరికొకరు సాయం చేసుకోండి, పాపంలో కాదు.

మనవాళ్లు అన్నంత మాత్రాన వాళ్ల తప్పుకి తోడు వెళ్లకూడదు. అవతలివాళ్లు మనకి అన్యాయం చేశారని మనం అన్యాయం చేయకూడదు. పాటించడం నిజంగా కష్టం. అందుకేనేమో, దీన్ని ప్రార్థనలో అడుగుతారు.

ఆచరణలో

కాబాలోని నల్లరాయిని ముద్దాడడం సున్నత్. కానీ పక్కవాళ్లని తోసి బాధపెట్టడం తప్పు. జనం ఎక్కువుంటే దూరం నుంచే చెయ్యి చూపి ముందుకెళ్లమంటారు. అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా, కూఫా నుంచి మక్కా దారిలో యాత్రికులకి నీటి వసతులు కట్టించింది. ఆ దారికి ఇప్పటికీ ఆమె పేరే. నిజాం కాలంలో మక్కాలో హైదరాబాద్ సంస్థానం యాత్రికుల కోసం ఏర్పాటైన రుబాత్‌లు, అంటే సత్రాలు, ఇదే కోవలోవి.

ఈ వారం ఒకటి ప్రయత్నించండి. ఎక్కడికి బయలుదేరినా, మీకేం కావాలో అడిగే ముందు, ఈ దారిలో మీ వల్ల ఎవరికి మేలు జరగాలో అడగండి. మళ్లీ కలుద్దాం!